ఒంటి మీది బంగారం, చూసేవారి కన్ను: రూపం గురించి క్రైస్తవ బోధ

పాలకొల్లు నుంచి నర్సాపురం దాకా ఉన్న ఊళ్లలో ఆదివారం ఆరాధన ముగిసే వేళకు ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక మందిరంలో నుంచి బయటికి వచ్చే స్త్రీల చెవులు, ముక్కులు, మెడలు బోసిగా ఉంటాయి. జడలో పువ్వు, నుదుట బొట్టు ఉండవు. తెల్లచీర కొంగు తల నిండా కప్పుకుని, చేతిలో బైబిలు సంచితో నడిచివస్తారు. నాలుగిళ్ల అవతల ఉన్న మరో చర్చి నుంచి వచ్చేవారు పట్టుచీరలతో, మెడలో గొలుసులతో, తలలో మల్లెపూలతో పెళ్లికి వెళ్లివస్తున్నట్టు ఉంటారు. రెండు చోట్లా చదివేది ఒకే బైబిలు, పాడే పాటల్లో చాలావరకు ఒకటే, చాలాసార్లు వారు ఒకరికొకరు తోడికోడళ్లో వియ్యపురాళ్లో అయి ఉంటారు. అయినా మొదటివారి లెక్కలో రెండోవారు లోకస్థులు, రెండోవారి లెక్కలో మొదటివారు చాదస్తులు.

బయటివారికి ఇది నగల తగాదాగా కనబడుతుంది. లోపలివారిలోనూ చాలామంది అలాగే చూస్తారు. కానీ రూపం విషయంలో బైబిలు అడిగే ప్రశ్న ఇంతకన్నా పెద్దది, ఇంతకన్నా ఇబ్బంది పెట్టేది. ఒంటి మీద ఏముందన్నది అందులో కొంత భాగమే. ఆ ఒంటిని చూసి మనిషికి విలువ కట్టే కన్ను సంగతే అందులో ఎక్కువ. గోదావరి డెల్టా సంఘాలు తరతరాలుగా మొదటిదాన్ని జాగ్రత్తగా కొలుస్తూ వచ్చాయి, రెండోదాని జోలికి పెద్దగా పోలేదు.

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. క్రైస్తవం దేహాన్ని తక్కువగా చూస్తుందన్న భావన మన ప్రాంతంలో గట్టిగా నాటుకుంది. సమాధుల దగ్గర చేసే ప్రసంగాల్లో మన్నయిపోయే దేహం అన్న మాట వినీవినీ, దేవుడికి కావలసింది ఆత్మ ఒక్కటే, దేహం ఎలా ఉన్నా ఒకటే అనుకునేవారు ఎక్కువయ్యారు. ఇది క్రైస్తవ బోధ కాదు సరిగదా, తొలి శతాబ్దాల సంఘం పోరాడి తోసిపుచ్చిన బోధ. పదార్థమంతా చెడ్డదనీ దేహం ఆత్మకు చెరసాల అనీ చెప్పిన జ్ఞానవాదులను, యేసుకు నిజమైన శరీరమే లేదు, ఉన్నట్టు కనిపించిందంతే అని వాదించినవారిని రెండో శతాబ్దపు సంఘ నాయకులు గట్టిగా ఎదిరించారు. దేవుడు తన స్వరూపమందు నరుని సృజించాడనీ, తాను చేసినదంతా చాలా మంచిదిగా చూశాడనీ ఆదికాండం మొదటి అధ్యాయం చెబుతుంది. తల్లి గర్భంలో తన దేహం రూపుదిద్దుకున్న తీరు తలచుకుని 139వ కీర్తనకారుడికి భయమూ ఆశ్చర్యమూ పుట్టాయి. సువార్తకు నడిబొడ్డున ఉన్న సంగతి వాక్యం శరీరధారి కావడం. చిట్టచివరి నిరీక్షణ దేహం పునరుత్థానం కావడం. దేహాన్ని చిన్నచూపు చూసే భక్తి ఈ రెంటిలో దేనితోనూ పొసగదు.

అందాన్ని పేరు పెట్టి చెప్పడానికి కూడా బైబిలు మొహమాటపడదు. రిబ్కా మిక్కిలి చక్కనిది, రాహేలు రూపవతి, యోసేపు సుందరుడు. ఎస్తేరును రాజు ముందుకు పంపే ముందు ఆరు నెలలు బోళపు తైలంతోనూ ఆరు నెలలు సుగంధవర్గాలతోనూ ఆమె దేహాన్ని సిద్ధం చేశారని పూసగుచ్చినట్టు రాసి ఉంది. ఏడాది పాటు సాగిన ఆ అలంకరణను గ్రంథకర్త మెచ్చుకోలేదు, తప్పుపట్టనూ లేదు. అరికాలు మొదలు తల వరకు లోపమే లేని అందగాడు అబ్షాలోము. ఏటేటా కత్తిరించే అతని తలవెండ్రుకల బరువు రెండు వందల తులములని కూడా లెక్క ఉంది. అతడు తండ్రి మీద తిరగబడి, యుద్ధంలో మస్తకి చెట్టు కొమ్మల్లో తల చిక్కుకుని చచ్చాడు. అందం ఉన్నవారంతా మంచివారని గానీ చెడ్డవారని గానీ ఈ కథలు ఎక్కడా చెప్పవు. అందం ఉన్నది, అంతే. దాన్నిబట్టి మనిషిని తేల్చడం కుదరదు.

ఈ విషయంలో మన ప్రసంగీకులు అందరికన్నా ఎక్కువగా ఎత్తి చెప్పే వచనం మొదటి సమూయేలు 16వ అధ్యాయంలోనిది: ‘మనుష్యులు పైరూపమును లక్ష్యపెట్టుదురు గాని యెహోవా హృదయమును లక్ష్యపెట్టును.’ దీన్ని సాధారణంగా సింగారించుకున్న ఆడపిల్లల మీదికి గురిపెడతారు. అసలు సందర్భం చూస్తే గురి వేరే చోట ఉంది. సౌలును తోసివేసిన తర్వాత కొత్త రాజును అభిషేకించడానికి ప్రవక్త సమూయేలు బేత్లెహేములోని యెష్షయి ఇంటికి వెళ్లాడు. పెద్దకొడుకు ఏలీయాబు ఎత్తూ రూపమూ చూడగానే రాజు ఇతడేనని నిర్ణయించుకున్నాడు. అంతకుముందు రాజైన సౌలు కూడా జనంలో అందరికన్నా భుజాల పైదాకా ఎత్తైనవాడే. ఆ ఎత్తు రాజ్యాన్ని ఎక్కడికి తెచ్చిందో కళ్లారా చూసిన ప్రవక్తే మళ్లీ అదే కొలతబద్ద తీశాడు. దేవుడు మందలించింది ఏలీయాబును కాదు. పాపం, అతడు పొడుగ్గా పుట్టడం తప్ప ఏమీ చేయలేదు. మందలింపు పడింది చూసిన సమూయేలుకు, అంటే సంఘంలో అందరికన్నా భక్తిపరుడికి. మరో ఐదు వచనాల తర్వాత దావీదు లోపలికి వస్తాడు. అతడు చక్కని నేత్రములు గలవాడు, చూడటానికి సుందరుడు. అందవిహీనుణ్ణి ఏరికోరి ఎన్నుకోవడం దేవుడి ఉద్దేశం కాదన్నమాట. ఆ లెక్క ఆయన వేయలేదు.

నగల చిక్కుముడి

నగలు వద్దనే సంఘాలు ఆధారంగా చూపేవి ముఖ్యంగా రెండు చోట్లు. జడలతో గానీ బంగారంతో గానీ ముత్యాలతో గానీ మిగుల వెలగల వస్త్రాలతో గానీ అలంకరించుకోక, అణకువతో, సత్క్రియలతో అలంకరించుకోవాలని పౌలు తిమోతికి రాశాడు. జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, వస్త్రాలు ధరించుకోవడం అనే వెలుపటి అలంకారం కాక, సాధువైన మృదువైన గుణమే అక్షయాలంకారంగా ఉండాలని పేతురు తన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో అన్నాడు. ఈ రెంటినీ తేలిగ్గా తీసిపారేయడం నిజాయితీ కాదు. అయితే పేతురు మాటను అక్షరాలా నిషేధంగా తీసుకుంటే నగలతో పాటు జడ వేసుకోవడం, బట్టలు కట్టుకోవడం కూడా నిషేధం కావాలి, ఎందుకంటే మూడూ ఒకే వాక్యంలో ఒకే వరుసలో ఉన్నాయి. నగలు తీసేయించే సంఘాల్లో జడలు విప్పించిన సంఘం నాకు తెలిసి ఒక్కటీ లేదు. కాబట్టి ఆ వాక్యం ఒకదాన్ని తుడిచిపెట్టడానికి కాక, రెండిట్లో దేనికి పెద్దపీట వేయాలో చెప్పడానికి రాసినదని అర్థం చేసుకోవడమే సబబు. పైగా అవి రాసిన కాలపు సంఘాలు రోమా పట్టణాల్లో ఇళ్లల్లో కూడుకునేవి. బంగారు తీగలతో, ముత్యాలతో జడలు కట్టించుకున్న ధనికురాలు, ఆ జడ కట్టిన దాసి ఒకే గదిలో ప్రార్థనకు కూర్చునే చోట ఆ జడ ఏం మాట్లాడుతుందో అపొస్తలులకు తెలుసు.

ఇక నగల గురించి మిగతా బైబిలు రెండు వైపులా మాట్లాడుతుంది. అబ్రాహాము దాసుడు రిబ్కాకు ముక్కుకమ్మి, కడియాలు పెట్టి దేవుణ్ణి స్తుతించాడు. తప్పిపోయి తిరిగివచ్చిన కొడుకు చేతికి తండ్రి ఉంగరం పెట్టించాడు. రక్షణను వర్ణించడానికి యెషయా నగలు పెట్టుకున్న పెళ్లికూతురి పోలికే వాడాడు. అదే యెషయా మూడో అధ్యాయంలో సీయోను కుమార్తెల గజ్జెలు, కుచ్చులు, కర్ణభూషణాలు, ముక్కుకమ్ములు ఒక్కొక్కటీ పేరుపెట్టి తీసివేయిస్తాడు. పేదల ముఖాలు నూరుతున్నారని పెద్దలను నిందించిన వెంటనే ఆ వరుస వస్తుందన్నది ప్రసంగాల్లో వినబడదు. అరణ్యంలో చెవిపోగులే కరిగి బంగారు దూడ అయ్యాయి. బేతేలుకు బయలుదేరే ముందు యాకోబు ఇంటివారు అన్యదేవతల విగ్రహాలతో పాటు చెవిపోగులు కూడా ఇచ్చివేస్తే అతడు వాటిని షెకెము దగ్గర మస్తకి చెట్టు కింద పాతిపెట్టాడు. ఈ వచనాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే బంగారం తనంతట తాను దోషమైన చోటు ఒక్కటీ కనబడదు. అది విగ్రహంతో ముడిపడినప్పుడో, పేదవాడి నోటి నుంచి లాక్కున్నదైనప్పుడో, తోటివారిని చిన్నబుచ్చేదైనప్పుడో దోషమైంది.

ఐదో శతాబ్దపు బిషప్పు అగస్టీను ఎదుటికి కూడా అచ్చంగా ఈ ప్రశ్నే వచ్చింది. తోటి బిషప్పు పోస్సిదియుస్ తన సంఘంలో స్త్రీల బంగారాన్ని, ఖరీదైన బట్టలను నిషేధించబోతూ సలహా అడిగితే, తొందరపడి అలాంటి తీర్పు చేయవద్దని అగస్టీను జవాబు రాశాడు. అదే ఉత్తరంలో ఆయన అస్సలు ఊరుకోనిది ఒకటుంది: రక్షరేకుల్లాగా కట్టుకునేవి. మగవాళ్లు చెవి పైకొసకు తగిలించుకునే పోగులు అందం కోసం కాక దయ్యాల సేవ కోసం పెట్టుకునేవని ఆయన కోపం. ఈ తేడా మన ఊళ్లకు బాగా పనికొస్తుంది. తల్లి చెవుల కమ్మలు తీయించిన ఇంట్లోనే పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క, మొలకు తాయెత్తు ఉండటం అరుదేమీ కాదు.

ఒకే ప్రాంతంలో ఇన్ని పద్ధతులు ఎందుకున్నాయన్నదానికి జవాబు చాలావరకు సువార్త ఏ దారిన వచ్చిందన్నదానిలో ఉంది. విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు బ్రదరన్ సేవకులు భార్యలతో కలిసి ఇంగ్లండు నుంచి 1836లో బయలుదేరి వచ్చి, నర్సాపురం, పాలకొల్లు కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. బిషప్పులు, అంగీలు, ఆర్భాటాలు లేని నిరాడంబర ఆరాధన, స్త్రీలు తల కప్పుకోవడం వారి పద్ధతులు. రాజమండ్రి వైపు లూథరన్లు, 1874 నుంచి కాకినాడ కేంద్రంగా కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు. ఆ సంఘాల్లో సామాన్య విశ్వాసుల నగల మీద అంత పట్టింపు ఏర్పడలేదు. 20వ శతాబ్దంలో కేరళ నుంచి పెంతెకోస్తు సేవకులు వచ్చారు. ఇండియన్ పెంతెకోస్తు సంఘం 1935లో రిజిస్టరయింది మన ఏలూరులోనే. నగలు తీసేయడం పరిశుద్ధతకు గుర్తుగా స్థిరపడింది ఆ ధారలోనే ఎక్కువ. అమ్మమ్మ ఏ సంఘంలో బాప్తిస్మం పొందిందన్నది మనవరాలి చెవులను ఈరోజుకీ నిర్ణయిస్తోంది.

ఇక్కడొక విచిత్రం చెప్పకుండా ఉండలేను. నిరాడంబరతను నేర్పిన మిషనరీ కుటుంబాల స్త్రీల నుంచే ఈ ప్రాంతపు పేద స్త్రీలకు లేసు అల్లిక అబ్బింది. 19వ శతాబ్దంలో మొదలైన ఆ పని నర్సాపురం చుట్టుపక్కల వేల ఇళ్లకు పాకి, 2024లో నర్సాపురం లేసు భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. అరుగు మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, దారపు ఉండను ఒళ్లో పెట్టుకుని, చిన్న కొక్కెం సూదితో గొలుసుకుట్టు మీద గొలుసుకుట్టు వేసుకుంటూ పువ్వు తేలేదాకా అల్లిన ఆ పని విదేశీ స్త్రీల గౌన్ల అంచుల మీదా విందు బల్లల మీదా పరుచుకుంది. మెడ బోసిగా పెట్టుకున్న స్త్రీల చేతులు పరాయి మెడలకు అలంకారం అల్లి, అతి తక్కువ కూలితో పిల్లల్ని పోషించాయి. అలంకారం పాపమైతే ఆ కూలి డబ్బుల్లోంచి తీసిన దశమభాగం సంగతేమిటని ఏ పెద్దా అడిగినట్టు లేదు; అడగకపోవడమే మంచిదైంది.

బంగారం అందరి ఒంటి మీదా ఒకే మాట పలకదు. కువైట్‌లోనో మస్కట్‌లోనో పదేళ్లు ఇళ్లలో పనిచేసి వచ్చిన కోనసీమ స్త్రీకి చేతి గాజులు సింగారం కన్నా ముందు భరోసా. దాళ్వా వరిపంట పెట్టుబడికీ ఆసుపత్రి ఖర్చుకీ అర్ధరాత్రి తాకట్టుకు వెళ్లేవి అవే. భూమి పట్టా తన పేరున లేని స్త్రీకి తనదని చెప్పుకోగల ఆస్తి చాలాసార్లు మెడలో ఉన్నదే. దాన్ని తీసి మగవారి చేతిలో పెట్టించడం పరిశుద్ధత అయిందో, ఆమెను మరింత నిస్సహాయురాలిని చేయడం అయిందో సంఘం ఆలోచించాలి. ఇంకొక సంగతి కులం. ఊరి వీధిలోకి వస్తే చెప్పులు చేత్తో పట్టుకోవలసిన, మంచి బట్ట కడితే మాట పడవలసిన కాలం నుంచి వచ్చిన కుటుంబాలు మన సంఘాల్లో ఎక్కువ. తిరువాన్కూరులో రొమ్ము కప్పుకునే హక్కు కోసం నాడార్ స్త్రీలు, ముఖ్యంగా క్రైస్తవులైనవారు, దశాబ్దాల పాటు దెబ్బలు తిని, 1859 నాటి ప్రకటనతో కొంత సాధించుకున్నారు. అలాంటి చరిత్ర ఉన్న దేశంలో పేట నుంచి ఆదివారం పూట ఇస్త్రీ చీర కట్టుకుని, చెవులకు కమ్మలు పెట్టుకుని ఊరి మధ్యగా మందిరానికి నడిచివెళ్లే స్త్రీని గర్వం పేరిట గద్దించేవారు రోమా ధనికురాలి కోసం రాసిన మాటను తప్పు చిరునామాకు చేరవేస్తున్నారు.

ఇంతమాత్రం చేత బోసి మెడల సంఘాలది వట్టి చాదస్తమని తేల్చడం కూడా తప్పు. తెలుగు సమాజంలో భర్త పోయిన స్త్రీకి బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, పువ్వులు తీసేసి, ఆమె దురదృష్టాన్ని ఆమె ఒంటి మీదే రాసిపెట్టేవారు. శుభకార్యంలో ఆమె ఎదురొస్తే ముఖం తిప్పుకునేవారు. పెళ్లయినవారూ కాని వారూ భర్త ఉన్నవారూ లేనివారూ అందరూ ఒకే తెల్లచీరలో, బొట్టూ నగా లేకుండా కూర్చునే మందిరంలో విధవరాలు ఎవరో చూసి చెప్పడం సాధ్యం కాదు. ఆ పద్ధతి పెట్టినవారు దీన్ని ఉద్దేశించి పెట్టకపోవచ్చు గానీ, ఫలితం మాత్రం గొప్పది. పెళ్లిలో ఆమె మొదటి వరుసలో కూర్చుంటుంది, పెళ్లికూతురి తల మీద చేయి పెట్టి ప్రార్థిస్తుంది. రూపం విషయంలో సంఘం చూసే కన్నును మార్చిన చోటు ఇదొకటి.

అయితే నిరాడంబరత కూడా ప్రదర్శన కాగలదు. నీలిమందు పెట్టి, గంజి పెట్టి, మడత నలగకుండా కట్టిన నేత చీర పక్కన, ఉతికీ ఉతికీ పసుపురంగుకు తిరిగిన మిల్లు చీర కూర్చున్నప్పుడు తెల్లచీరల్లోనూ హెచ్చుతగ్గులు స్పష్టంగా కనిపిస్తాయి. ఉపవాసం చేస్తున్నట్టు మనుషులకు కనబడాలని ముఖాలను వికారం చేసుకునే వేషధారులను యేసు కొండమీది ప్రసంగంలో తప్పుపట్టి, ఉపవాసం చేసేటప్పుడు తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోమన్నాడు. వేషం గురించి ఆయన ఇచ్చిన అతి స్పష్టమైన సూచన అది, దాన్ని వినేటప్పుడు మాత్రం ఎందుకో ఎవరూ గట్టిగా ఆమేన్ అనరు.

రంగు, కుర్చీ, ఫ్లెక్సీ

నగల మీద ఇంత శ్రద్ధ పెట్టిన సంఘాలు రంగు మీద ఏమీ మాట్లాడకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. క్రైస్తవ ఇంట్లో పెళ్లిచూపులు ప్రార్థనతో మొదలవుతాయి. పిల్ల చేత ఒక పాట పాడిస్తారు, ఒక వాక్యభాగం చదివిస్తారు. ఫలహారాలయ్యాక వరండాలో చెప్పులు వేసుకుంటూ పిల్లవాడి మేనత్త అనే మాట మాత్రం అన్ని మతాల ఇళ్లలోనూ ఒకటే: ‘పిల్ల బంగారమే వదినా, రంగే కాస్త తక్కువ.’ ఆ మాట పిల్లకు వినబడుతుంది. ఆ తక్కువకు పరిహారంగా కట్నంలో ఎంత కలపాలన్నది తండ్రికి వినబడుతుంది. ఒంటి మీద బంగారం వద్దన్న పెద్దలే మధ్యవర్తులుగా కూర్చుని బంగారాన్ని కాసుల్లో లెక్కకట్టిన సంబంధాలు ఊరికొకటైనా ఉంటాయి.

పరమగీతం మొదటి అధ్యాయంలో ఒక పిల్ల యెరూషలేము కుమార్తెలతో ‘నేను నల్లనిదాననైనను సౌందర్యవంతురాలను’ అంటుంది. తనను చిన్నచూపు చూడవద్దనీ, తనకు ఎండ తగిలిందనీ, అన్నలు కోపగించి ద్రాక్షతోటకు కావలి పెట్టారనీ కారణం కూడా చెబుతుంది. నీడపట్టున ఉండే పట్టణపు పిల్లల ముందు ఎండలో పనిచేసిన పిల్ల నిలబడి అంటున్న మాట ఇది. సార్వా ఊడ్పుల్లో మోకాలిలోతు నీళ్లలో నడుము వంచి, నెత్తిన తువ్వాలుతో రోజంతా నాట్లు వేసే మన పిల్లలకు దీన్ని ఎవరూ వివరించనక్కర్లేదు. నలుపు మీద మనకున్న చులకనలో సగం, ఎండలో పనిచేసే కులాల మీదున్న చులకనే. సంఘం లోపల ఆ చులకన మిగిలి ఉందంటే అది అందచందాల విషయం కాదు, పశ్చాత్తాపపడవలసిన విషయం.

మన గోడల మీది యేసు బొమ్మ కూడా ఇందులో పాలుపంచుకుంది. నాలుగు సువార్తల్లో ఎక్కడా యేసు ముఖం, రంగు, ఎత్తు గురించి ఒక్క మాట లేదు. గలిలయలో పెరిగిన యూదుడికి, ఎండలో పనిచేసిన వడ్రంగికి గోధుమవన్నె చర్మం, నల్లని జుట్టు ఉండి ఉంటాయనుకోవడమే సహజం. మన కేలండర్లలో కనిపించే తెల్లని ముఖం, తేనెరంగు జుట్టు యూరపు, అమెరికా చిత్రకారులు తమ పోలికలో గీసుకున్నవి. 1940లో అమెరికా చిత్రకారుడు వార్నర్ సాల్మన్ గీసిన బొమ్మ ప్రపంచమంతటా కోట్ల ప్రతుల్లో అచ్చయింది. ఎవరి పోలికలో వారు గీసుకోవడం తప్పు కాదు. ఆ తెలుపే పరిశుద్ధతకు రంగని పిల్లలు నేర్చుకోవడం తప్పు. తొలి శతాబ్దాల బోధకులు యేసు రూపం గురించి భేదాభిప్రాయాలు పడినమాట నిజమే: ‘అతనికి సురూపమైనను సొగసైనను లేదు’ అన్న యెషయా 53వ అధ్యాయాన్ని పట్టుకుని తెర్తుల్లియను ఆయన చూపులకు అందగాడు కాడన్నాడు, ‘నరులకంటె నీవు అతిసుందరుడవు’ అన్న 45వ కీర్తనను పట్టుకుని తర్వాతివారు కాదన్నారు. అగస్టీను ఈ రెంటినీ కలిపి, ఆయన పరలోకంలోనూ అందగాడే, సిలువ మీదా అందగాడే అన్నాడు. వారి వాదమంతటిలో రంగు ఊసే లేదు.

1975లో మన దేశపు మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ అనే రంగు తేల్చే క్రీము, విమర్శలు ముదిరాక 2020లో పేరు మార్చుకుంది. మనసులు మార్చుకున్నామో లేదో పల్లెల్లోని మందుల దుకాణాల్లో తెలుస్తుంది. స్టెరాయిడు కలిసిన క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. ఆ క్రీములు నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎరుపెక్కి, ఎండ తగిలితే మంటలెత్తుతుంది. పెళ్లి కుదిరేలోగా రంగు తేలాలని పిల్లకు వాటిని రాయించే తల్లి చెడ్డది కాదు. వరండాలో అన్న ఆ మాట ఆమె చెవిలో ఇంకా ఉంది.

కుర్చీ సంగతి యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. బంగారు ఉంగరం, ప్రశస్త వస్త్రాలు గల ఒకడు, మురికిబట్టల దరిద్రుడు ఒకడు సమాజమందిరంలోకి వస్తే, మొదటివాడితో ‘నీవిక్కడ మంచి స్థలమందు కూర్చుండుము’ అనీ, రెండోవాడితో అక్కడ నిలబడమనో పాదపీఠం దగ్గర కూర్చోమనో చెబితే మీరు దురాలోచనతో తీర్పు తీర్చినవారయ్యారని యాకోబు అంటాడు. గమనిస్తే ఉంగరం పెట్టుకున్నవాణ్ణి ఆయన ఇక్కడ ఉంగరం తీయమనలేదు. గద్దింపంతా కుర్చీ చూపించినవాడికే. మన మందిరాల్లో ముందు వరుస ప్లాస్టిక్ కుర్చీలు స్లాబుకు చందా ఇచ్చినవారికీ రొయ్యల చెరువుల ఆసామికీ ఊళ్లోకి వచ్చిన నాయకుడికీ ఉంటాయి. పొద్దున్నే చేలో పని ముగించుకుని, కుచ్చిళ్లు తడిసిన చీరతోనే ఆలస్యంగా వచ్చే అమ్మకు తలుపు పక్క చాప కొస మిగులుతుంది. ఆమె చెవులకు కమ్మలున్నాయో లేదో చూసిన కళ్లకు ఈ చాప, ఆ కుర్చీ కనబడవు.

మగవారి రూపం గురించి ప్రసంగాలు దాదాపు ఉండవు, ప్రసంగించేది వారే కాబట్టి. మే నెల ఉక్కపోతలో, ఫ్యాన్లు కూడా వేడిగాలి విసిరే పందిట్లో, మూడు ముక్కల సూటుతో చెమటలు కారుస్తూ నిరాడంబరత గురించి బోధించే సేవకులను చూస్తుంటాం. ఉజ్జీవ కూడికల ఫ్లెక్సీల మీద వారి ముఖాలు కంప్యూటరులో అసలు రంగుకు రెండు ఛాయలు తేలి ఉంటాయి. పౌలు పత్రికలు ఘనమైనవే గానీ మనిషి చూపులకు బలహీనుడు, మాట కొరగానిది అని కొరింథీయులు వెక్కిరించారు. ఈ ప్రమాణాలతో ఆయన్ను ఏ కూడికకూ పిలిచేవారు కాదు. పార్లరు, జుట్టుకు రంగు, ఫోనులో ఫిల్టరు వంటివాటి మీద యువతకు బైబిల్లో నేరుగా ఆజ్ఞలేవీ దొరకవు. ఎంత ఖర్చు, ఎవరి మెప్పు కోసం అన్న రెండు ప్రశ్నలు ఆడామగా ఇద్దరూ వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

గాయపడిన దేహం

వ్యాధితో, వైకల్యంతో, ముసలితనంతో మారిన రూపం విషయంలో మన బోధ మరీ పలచగా ఉంది. యాజకుల వంశంలో అవిటివాడు అర్పణ అర్పించకూడదని లేవీయకాండం 21వ అధ్యాయంలో ఉన్నమాట నిజం. సువార్తల్లో యేసు అదే వరుసను తిరగేశాడు: విందుకు బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలవమన్నాడు, పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవడు పాపం చేశాడని శిష్యులడిగితే వీడూ కాదు, వీడి కన్నవారూ కాదన్నాడు, ఎవరూ దగ్గరికి రానివ్వని కుష్ఠరోగిని ముట్టుకున్నాడు. రామచంద్రపురంలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ కుష్ఠరోగుల కోసం ఆశ్రమం నడిపింది ఈ ముట్టుకోవడాన్ని నమ్మే. ఇప్పుడు కొన్ని స్వస్థత కూడికల్లో పోలియో వచ్చిన మనిషిని వేదిక మీదికి పిలిచి, నడవలేకపోతే విశ్వాసం చాలలేదని దించేయడం దానికి పూర్తిగా ఎదురు దారి.

పునరుత్థానుడైన యేసు దేహానికి మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. తోమాను వేలు చాచమన్నది వాటి దగ్గరికే. మహిమ పొందిన దేహానికి మచ్చ ఉండకూడదనుకునేవారికి యోహాను 20వ అధ్యాయం అడ్డు వస్తుంది. అగస్టీను దీని మీద ఆలోచించి, పునరుత్థానంలో దేహపు లోపాలన్నీ పోయినా హతసాక్షుల గాయాల గుర్తులు మాత్రం మిగలవచ్చనీ, అవి వికారంగా కాక గౌరవంగా కనబడతాయనీ రాశాడు. ఈ లెక్కన లేసు అల్లి అల్లి మసకబారిన కళ్లూ రొయ్యలు ఒలిచి ఒలిచి పుండ్లు పడిన వేళ్లూ చులకన కావలసినవి కావు.

ఇక పాత ప్రశ్న: బాప్తిస్మానికి ముందు నగలు తీయాలా? అది ఆ సంఘపు క్రమశిక్షణ. పాటించదలచినవారు సంతోషంగా పాటించవచ్చు, దాన్ని రక్షణకు షరతుగా చేసే అధికారం మాత్రం ఏ పెద్దకూ లేదు. కాలువ రేవులో దిగే ముందు పిల్లను చెవులు చూపించమని అడిగే పెద్దలు, అదే రేవులో దిగే పిల్లవాణ్ణి అడగవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. కట్నం తీసుకుంటావా? నల్లపిల్లను నల్లగా ఉందని కాదంటావా? పేట మనిషి పక్క చాప మీద కూర్చుంటావా? ఈ ప్రశ్నలకు జవాబు రాకపోతే ఆ వారానికి బాప్తిస్మం వాయిదా వేసే ధైర్యం కూడా పెద్దలకు ఉండాలి, కమ్మల విషయంలో వాయిదా వేసిన రోజులు ఉన్నాయి కదా.